టీచరమ్మ చదివిన పేపర్లు

మన స్కూలు బ్యాచి సంచికకు రెండు పేజీలు రాయమని కమిటీ వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. హంద్రీలో కొట్టుకుపోయిన ఫుట్‌బాల్, లాయరుగాడి అరటిపండ్ల కేసు ఎవరో ఒకరు రాస్తారని నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో, తొమ్మిదిలో ఏం జరిగిందంటే నాకు ఒక్క ముక్కా గుర్తు లేదు. మన తెలుగు టీచరమ్మ, లెక్కల సారు భార్య, ప్రభువునందు నిద్రించారని వాళ్లబ్బాయి మెసేజ్ పెట్టినప్పటి నుంచి వేరే విషయం మీదికి మనసు పోవడం లేదు. కాబట్టి ఇది ఆమె గురించే. పేజీలు ఎక్కువైతే ఎడిటరు పొడుగోడు కత్తిరించుకోవచ్చు, వాడికది అలవాటే.

"మీ కర్నూలుకు రాజధాని వచ్చిన ఏడాదే నేనూ కాపురానికి వచ్చినాను. అది మూడేళ్లకే మూట కట్టింది, నేను కట్టలేదు" అనేవారు. 1953 అక్టోబరులో గవర్నమెంటు ఆఫీసులే గుడారాల్లో నడుస్తుంటే కొత్త జంటకు అద్దె ఇల్లు ఎవరిస్తారు? చర్చి కాంపౌండులో ఒంటిగదిలో పొయ్యి రాజేశారు. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయింది. వీళ్లు ఆ గదికి ఇంకో గది కలుపుకున్నారు. ప్రతి నవంబరు ఒకటిన ఈ కథ చెప్పేవారు. మొదటిసారి విన్నట్టు మనం నవ్వేవాళ్లం.

హాస్టలు పిల్లలకు ఆమె పిడికెడు బియ్యం డబ్బా గుర్తుండాలి. ఎసరులో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న రేకు డబ్బాలో వేసేవారు. చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రిలో అందరూ అట్లా తీసి చర్చికి ఇచ్చేవాళ్లే. ఈమె మాత్రం రెండు పిడికిళ్లు తీసేవారు. మొదటిది దేవునికి, రెండోది మెస్ బిల్లు కట్టలేని మాకు. ఆ రెండో పిడికిలి తిన్నవాళ్లలో నేనొకణ్ని. ఎవరెవరు తిన్నారో ఆమె నోటి నుంచి ఎన్నడూ రాలేదు.

అసలు సంగతికి వస్తాను. లెక్కల సారుకు చూపు మందగించిన సంగతి మనకు చాలా ఆలస్యంగా తెలిసింది. బోర్డు మీద చెయ్యి అలవాటుతో నడిచేది, సిద్ధాంతాలన్నీ నోటికే. మరి పేపర్లు ఎవరు దిద్దుతున్నారు? అది కనిపెట్టింది రేడియో అని మనం పిలిచేవాడు. క్వార్టర్లీ పరీక్షలప్పుడు రాత్రి నీళ్లకని పోయి, వాళ్ల వసారా పక్క వేపచెట్టు చాటున నిలబడి, ఉరుక్కుంటూ వచ్చాడు. "రేయ్, మన పేపర్లు చదువుతాండారు!"

అందరం పోయినాం. లాంతరు ముందు టీచరమ్మ, ఎదురుగా పడక కుర్చీలో కళ్లు మూసుకుని సారు. ఆమె తెలుగు పాఠం చదివినంత స్పష్టంగా ఆల్జీబ్రా చదువుతున్నారు. "ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అన్నాడండీ. కింది లైనుకు వచ్చేసరికి టూ ఎ బి మింగేసినాడు."

"ఎవడు వాడు?"

"పేరు చెప్పను. చెబితే మీరు ఇంకో రెండు కోస్తారు."

చీకట్లో మన బ్యాచి ఘంటసాల నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పేపరు వాడిదే.

జామెట్రీ వచ్చేసరికి మేం ఊపిరి బిగబట్టాం. బొమ్మ ఎట్లా చదువుతారు? ఆమె కాగితం తిరగేసి, సారు చూపుడు వేలు పట్టుకుని, గట్టి పెన్సిలు ఒత్తిన గీతల మీద వెనక వైపు నుంచి నడిపించారు. వృత్తం చుట్టూ ఒకసారి, స్పర్శరేఖ వెంబడి ఒకసారి. "తాకిందా?" అన్నారు సారు. "తాకింది. కొంచెం లోపలికి పోయింది కూడా." "అయితే అర మార్కు తీసెయ్." ఆమె ఎర్ర సిరాతో మార్కు వేసి, పేపరు పక్కన పెట్టి, సారు కాళ్ల మీద దుప్పటి సర్ది ఇంకో పేపరు తీశారు. అన్నీ అయ్యాక బైబిలు తెరిచి ఆ రాత్రి భాగం చదివారు. గొంతు ఏమాత్రం మారలేదు.

సారు ఉన్నన్నాళ్లూ ఆయనకు పేపరూ బైబిలూ ఆమే.

నేను ఇంజనీరింగు చదివి నీటిపారుదల శాఖలో చేరాను. 2009 అక్టోబరులో శ్రీశైలంలో 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీళ్లు 896 దాకా లేచినప్పుడు డ్యామ్ మీద డ్యూటీలో ఉన్నాను. ఇంటివాళ్లకు కూడా చెప్పుకోనంత టెన్షన్. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు వీధుల్లోకి వచ్చేశాయి. మేడ మీద నుంచి టీచరమ్మ ఫోను: "అబ్బీ, గేట్లన్నీ ఎత్తినారా?" పన్నెండూ ఎత్తామన్నాను. "లెక్క ఇంకోసారి చూసుకోండి. సారు ఉంటే చూడమనేవారు." కింది వాటాలో వాళ్ల సామానంతా నీళ్ల పాలైంది. ఆ సంగతి ఆమె చెప్పలేదు, వారం తర్వాత పోయినప్పుడు నేనే చూశాను.

ఆమె పోయాక చర్చి వాళ్లు పెట్టిన ఆదరణ కూడికకు మన బ్యాచి పదిమందికి పైగా పోయినాం. పాస్టరు అయ్యగారు ఆమె ప్రార్థనా జీవితం గురించి మాట్లాడారు. బెంగళూరులో స్టాటిస్టిక్స్ చెప్పే పెద్ద మనవరాలు లేచి, "నాయనమ్మ రోజూ వీడియో కాల్‌లో బైబిలు కంఠత వాక్యం అప్పజెప్పించుకునేది, ఆ తర్వాత నా లెక్కలు చూసేది. తెలుగు టీచరుకు లెక్కలు ఎట్లా వచ్చేవో మాకు ఇప్పటికీ అర్థం కాదు" అంది.

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఘంటసాల లేచి మైకు తీసుకున్నాడు. వాడి చేతికి మైకు వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. భోజనాలు మూడు గంటలకు పెట్టారు.