పాలు మాన్పించిన వారం

హోస్కోటె దగ్గర మా బావా నేనూ కలిసి పందుల షెడ్డు వేసినప్పుడు మా భయమంతా ఈతల గురించే. అవి బాగానే జరిగాయి. దెబ్బతిన్నది పాలు మాన్పించే దగ్గర.

మొదటి బ్యాచ్‌లో 11 యార్క్‌షైర్ జాతి పంది పిల్లల్ని 28వ రోజున ఒక్క పూటలో తల్లి దగ్గర నుంచి లాగేసి, ఇంకో తల్లి పిల్లలున్న గదిలోకి తోలేశాం. బెంగళూరు హోటళ్ల నుంచి డ్రమ్ముల్లో వచ్చే అన్నం, సాంబారే పెట్టాం. పెద్దవి తింటున్నాయి కదా, ఇవీ తింటాయిలే అనుకున్నాం. నాలుగో రోజు పొద్దున తలుపు తీస్తే పులిసిన కంపు. తోకల కింద అంతా తడి, నేలమీద పసుపుపచ్చగా నీళ్ల పారుడు. డిసెంబరు చలికి మూలన ఒకదానిమీద ఒకటి పడి వణుకుతున్నాయి. మూడు పోయాయి.

చూడటానికి వచ్చిన డాక్టరమ్మది అనంతపురం వైపే. చెడామడా తిట్టాకే విషయం చెప్పింది. పాలు తాగే పిల్ల కడుపులో పాలచక్కెర మీద బతికే లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా ఎక్కువట. పిల్ల కడుపులో సొంత ఆమ్లం ఇంకా సరిగా ఊరదు కాబట్టి, అవి చేసే పులుపే దానికి కాపలా. పాలు ఆగితే కాపలా పోయినట్టే. బెంగతో పిల్ల ఒకటి రెండు రోజులు తినకపోతే పేగు లోపలి నూగు కురచబడుతుంది. ఆ తర్వాత ఆకలికి ఒక్కసారి మెక్కిందంతా అరక్క కిందికి దిగితే పారుడు తెచ్చే ఈ.కోలై బ్యాక్టీరియాకి పండగే. పీచును అరిగించే ప్రెవొటెల్లా లాంటి బ్యాక్టీరియా కుదురుకోవాలంటే టైం పట్టాలి. అడవిపంది పిల్ల మూడు నెలల పైనే మెల్లగా పాలు మానుతుందట. మేమేమో ఒక్క పూటలో!

"మరి కొలిస్టిన్ యాంటీబయాటిక్ వేద్దామా మేడమ్?" అన్నాను.

"పశువులకు 2019లోనే నిషేధించారయ్యా!" అని కసిరింది. పారుడు ఆపడానికి దాణాలో కలిపే ఎక్కువ మోతాదు జింక్ ఆక్సైడ్‌నీ యూరప్‌లో 2022లో ఆపేశారట, పేడతో పాటు నేలలో పేరుకుపోతోందని.

రెండో బ్యాచ్‌కి పదో రోజు నుంచే పళ్లెంలో పిడికెడు దాణా పెట్టాం: మొక్కజొన్న, పాలపొడి, కాస్తంత సోయా. తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ. 35వ రోజున పిల్లల్ని కదపకుండా తల్లినే పక్కకి పంపాం. గోనెపట్టాలు పరిచి, బల్బు వేలాడదీసి, మొదటి వారం దాణాను జావలా కలిపి రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా పోశాం. అలారం పెట్టుకుని మరీ లేచేవాణ్ణి. రెండింటికి పారింది. ఓఆర్ఎస్ నీళ్లతోనే తేరుకున్నాయి. ఒక్కటీ పోలేదు.

పాలపొడి బిల్లు చూసి బావ ఇప్పటికీ గొణుగుతాడు. షెడ్డులోకి రాగానే మాత్రం ముందు వంగి తోకల కిందే చూస్తాడు.