శాంపిల్స్ బ్యాగులో చీనీకాయ

మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే నాలాంటి మెడికల్ రెప్పు మధ్యాహ్నం ఎన్నింటికి తింటాడో డాక్టరు ఓపీ తేలుస్తుంది. కల్యాణదుర్గంలో ఒంటిగంటకు కౌంటర్ దగ్గర అడిగితే "ఇంకా పదిమంది ఉండారు సార్, కూచోండి" అంటారు. ఆ పదిమందీ అయ్యేసరికి రెండున్నర. అక్కణ్నుంచి ఇంకో క్లినిక్కుకు పరుగు. అప్పటికి మెస్సులో కూరలు అడుగంటి చారు మిగిలుంటుంది. ఎదురుగా బజ్జీల బండి మీద మాత్రం మూకుడు ఎప్పుడూ కాగుతూనే ఉంటుంది. ఆకలి మీదున్నవాడికి ఆరోగ్యం గురించి ఎవరు చెప్పినా తలకెక్కదు, నాకైతే అసలెక్కదు. అందుకే ఆకలి కాకముందే, పదకొండుకే, కడుపులో ఏదో ఒకటి పడేస్తాను. అది పడిందంటే అన్నం మూడింటికి దొరికినా గొడవ లేదు.

అయితే మా బ్యాగులోకి రావాలంటే తిండికి కొన్ని అర్హతలుండాలి. నిలబడి తినగలగాలి. తెల్లచొక్కా మీద మరక పడకూడదు. పక్కన కూర్చున్న పేషెంటుకు వాసన కొట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అనంతపురం ఎండల్లో బండి డిక్కీలో పాడవకూడదు. చిత్రాన్నం ఇక్కడే ఫెయిలు. వండిన అన్నం ఆ వేడిలో రెండు గంటలు దాటితే బ్యాక్టీరియా పెరుగుతుంది. వాటిలో ఒక రకం వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. నిమ్మకాయ పిండినాం కదా అన్న ధైర్యం చాలదు. చలికాలంలో తీసుకుపోతాను, ఎండాకాలంలో దాని జోలికే పోను.

ఫస్టు క్లాసులో పాసైంది చీనీకాయ, అదే బత్తాయి. మన జిల్లా పంట, అనంతపురం మార్కెట్ యార్డులో కుప్పలు పోసి అమ్ముతారు. తొక్క మందం కాబట్టి బ్యాగులో ఎంత నలిగినా లోపల తొనకు ఏమీ కాదు, దుమ్మూ అంటదు. ఆ మందమే దాని తంటా కూడా. గోటితో ఒలవబోతే వేళ్లు నొప్పి పుడతాయి, రసం కంట్లో చిమ్ముతుంది. మా ఆవిడ పొద్దున్నే పైన తొడిమ చుట్టూ చిన్న గుండ్రం కోసి, అక్కడి నుంచి కిందికి నాలుగు గాట్లు పెట్టి ఇస్తుంది, తొన తెగకుండా, తొక్క మందం వరకే. బస్టాండులో పది లెక్కపెట్టేలోగా ఒలిచేస్తాను. చీనీ జ్యూసు తాగొచ్చు కదా అంటారు మిత్రులు. జ్యూసులో పిప్పి పోతుంది, చక్కెర వచ్చి చేరుతుంది, గ్లాసుకు మూడు నాలుగు కాయలు పడతాయి. ఒక కాయ నమిలి తిన్నవాడికి నిండే కడుపు, గ్లాసు తాగినవాడికి నిండదు.

రెండోది చెనిక్కాయలు, అంటే వేరుశనగ. ఈ జిల్లాలో పుట్టి బాదంపప్పు కొనుక్కు తినేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. వేయించిన చెనిక్కాయ గింజల్లో 100 గ్రాములకు 25 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. అలాగని బస్సు దిగేదాకా నములుతూ పోకూడదు, అదే 100 గ్రాములకు 560 పైన కేలరీలు. పిడికెడు, అంటే 30 గ్రాములు, చాలు. చేదుగింజ తగిలితే మొహమాటం లేకుండా ఉమ్మేయండి. బూజు పట్టిన గింజలో చేరే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు.

బొరుగులు నానబెట్టి పోపు పెట్టే ఉగ్గాని గురించి రాయకపోతే గుత్తివాళ్లూ గుంతకల్లువాళ్లూ ఊరుకోరు. నేనూ తింటాను. కానీ బొరుగులంటే ఉబ్బిన బియ్యమే. ప్లేటు ఖాళీ అయిన గంటన్నరకే మళ్లీ ఆకలేస్తుంది. పప్పుల పొడి ఎక్కువగా చల్లించుకుని, బజ్జీ ఒకటితో ఆపి, పక్కన ఉడికించిన గుడ్డు తింటే లెక్క సరిపోతుంది. బజ్జీలో మిరపకాయ తప్పేమీ లేదు, తప్పంతా పొద్దున్నుంచీ మరుగుతున్న నల్లనూనెది. ఇంకొకటి, పాత పేపరులో కట్టించుకోవద్దు. సిరా నూనెకు కరిగి తిండిలోకి దిగుతుంది. తిండి పదార్థాలను వార్తాపత్రికల్లో చుట్టవద్దని తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా చెబుతూనే ఉంది. నా బ్యాగులో స్టీలు డబ్బా ఎప్పుడూ ఉంటుంది. మొదట్లో బండాయన వింతగా చూసేవాడు, ఇప్పుడు తనే "డబ్బా ఇయ్యి సార్" అంటాడు.

ఏరియా మేనేజరు జాయింట్ వర్కుకు, అంటే నాతో కలిసి డాక్టర్ల దగ్గరికి తిరగడానికి, వచ్చిన రోజు ఈ నియమాలన్నీ రద్దు. హైవే మీద "రాగి సంగటి, నాటుకోడి" బోర్డు కనిపిస్తే కారు ఆగాల్సిందే, పైగా "ఇది హెల్తీ అప్పా" అని ఆయన సమర్థన. రాగులు మంచివే. 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, పాలల్లో కంటే దాదాపు మూడింతలు. కానీ హోటలు ముద్దలో రాగిపిండి ఎంతో, బియ్యం ఎంతో ఎవరు చూశారు? పులుసు మీద తేలే నూనె మాత్రం కళ్లకు కనపడుతూనే ఉంటుంది. సగం ముద్ద పక్కకు పెట్టి ఉల్లిగడ్డ, మజ్జిగ ఎక్కువ తెప్పించుకుంటాను. ఆయన చూడనట్టే ఉంటాడు.

నేను అమ్మేది షుగర్ మాత్రలు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర పొద్దున వేసుకుని, పనిలో పడి అన్నం వాయిదా వేసే డ్రైవర్లు, ఏజెంట్లు నేను తిరిగే ఊళ్లలో, అంటే మా బీటులో, చాలామంది ఉన్నారు. మాత్ర తన పని చేసుకుపోతుంది, కడుపులో తిండి లేక షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే చెనిక్కాయలు తినడం కాదు, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని వెంటనే తాగాలి. పావుగంట చూసి, తగ్గకపోతే మళ్లీ తాగాలి. తేరుకున్నాక అన్నం తినాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. తినే వేళలు తిన్నగా లేనివాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్తే ఆయన మాత్ర మార్చొచ్చు. చెప్పేవాళ్లే తక్కువ.

రాత్రి భోజనం మీద నాకింకా పట్టు దొరకలేదు. ఇంటికి వచ్చేసరికి తొమ్మిదిన్నర, రిపోర్టు పంపి కంచం ముందు కూర్చుంటే పది. వచ్చే నెల నుంచి రాయదుర్గం కూడా నా బీటులో కలుస్తోంది. అక్కడ మూడింటి దాకా జొన్నరొట్టె పెట్టే మెస్సు ఏదైనా మీకు తెలిస్తే చెప్పండి, బస్టాండుకు దగ్గరైతే మరీ మంచిది.