సూది గుచ్చకుండా నా లివర్ గట్టిదనం కొలిచారు

మాది ఉద్దానం, కవిటి పక్క ఊరు. మా వైపు జబ్బు అనగానే అందరికీ కిడ్నీలే గుర్తొస్తాయి. టీచరుగా శ్రీకాకుళంలో స్థిరపడ్డాక కూడా నేను ఏటా కిడ్నీల కోసం చేసే రక్తపరీక్ష, క్రియాటినిన్ చూపించుకునేదాన్ని. లివర్ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

2023లో షుగర్ పరీక్షలతో పాటు అల్ట్రాసౌండ్ తీస్తే గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. నేను చుక్క తాగను. అయినా విన్నవాళ్లు నావైపు, మా వారివైపు ఒకలా చూశారు. ఆ చూపు జబ్బుకన్నా ఎక్కువ బాధ పెట్టింది. షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు ఉంటే మందు ముట్టని మనిషికీ ఇది వస్తుంది. ఆడవాళ్లకీ వస్తుంది.

డాక్టరు గారికి కొవ్వు కన్నా మచ్చ గురించే బెంగ. కొవ్వు చేరిన లివర్ ఏళ్ల తరబడి వాచి, మానుతూ ఉంటే అక్కడ మచ్చ కడుతుంది. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. అది ముదిరితే సిర్రోసిస్. ముదిరేదాకా నొప్పి ఉండదు, అల్ట్రాసౌండ్‌లో కూడా సరిగా తెలీదు. ఆయన నా వయసు 54, రక్తంలో లివర్ ఎంజైములు ఎస్‌జీవోటీ 48, ఎస్‌జీపీటీ 50, ప్లేట్‌లెట్లు లక్షా 90 వేలు తీసుకుని అక్కడికక్కడే లెక్క కట్టారు. మచ్చ ఎంత ఉండొచ్చో అంచనా వేసే ఫిబ్-4 స్కోరు 1.93. 1.3 లోపు ఉంటే భయం తక్కువట, 2.67 దాటితే మచ్చ బాగా ముదిరి ఉండొచ్చట. నాది మధ్యలో ఆగింది. పక్కటెముకల మీద పరికరం ఆనించి లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ చేస్తే నా ఒళ్లు వల్ల రీడింగులు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. ఇక బయాప్సీ అంటారేమోనని టెన్షన్. సూదితో తీసే ఆ ముక్క మొత్తం లివర్‌లో సుమారు 50,000వ వంతే. అది మంచి చోటు నుంచి వస్తే మచ్చ తెలియకుండా పోవచ్చు.

ఆయన ఎంఆర్ ఎలాస్టోగ్రఫీకి, అంటే ఎంఆర్‌ఐతో లివర్ గట్టిదనం కొలిచే పరీక్షకి, విశాఖ రాశారు. ఎంఆర్‌ఐ అనగానే నాకు ఇంజెక్షన్ మందు గుర్తొచ్చింది, కిడ్నీలకేమవుతుందోనని. దీనికి ఏ మందూ ఎక్కించరన్నారు.

పొద్దున ఏమీ తినకుండా వెళ్లాం. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. మంగళసూత్రం తీస్తుంటే చేతులు వణికాయి. మా అత్తగారు ముందే ఆలోచించి పసుపు కొమ్ము కట్టిన దారం ఇచ్చి పంపారు, అది మెడలో వేసుకున్నాను. కుడివైపు పక్కటెముకల మీద గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల పెట్టి బెల్టు బిగించారు. గొట్టంలోంచి వచ్చే గాలితో అది సెకనుకి 60 సార్లు అదురుతుంది. నొప్పి లేదు, ఎముకల మీద సన్నగా వణుకు, అంతే. "గాలి వదలండమ్మా, ఆపండి" అంటారు. పావు నిమిషం లోపే మళ్లీ పీల్చుకోవచ్చు. ఇలా కొన్నిసార్లు.

ఆ అదురు అలలుగా లివర్ లోపలికి పోతుంది, ఎంఆర్‌ఐ వాటిని బొమ్మ తీస్తుంది. లేత ముంజ వేలితో నొక్కితే లొంగుతుంది, ముదిరింది లొంగదు. లివర్ కూడా మచ్చ కట్టేకొద్దీ అలా బిగుస్తుంది, బిగిసిన చోట అల వేగంగా పరిగెడుతుంది. ఆ వేగం నుంచే గట్టిదనాన్ని కిలోపాస్కల్‌లలో లెక్కగడతారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రిచర్డ్ ఎమన్ బృందం 1995లో ఈ పద్ధతిని తొలిసారి ప్రచురించింది. ఒక్క ముక్క కాకుండా లివర్‌లో చాలా భాగం ఇందులో కనిపిస్తుంది, అదే నాకు ధైర్యం ఇచ్చింది.

నాది 3.6 వచ్చింది. మామూలుగా 2.5 లోపు ఉండాలి, 5 దాటితే సిర్రోసిస్ కింద చూస్తారు. మచ్చ ఉంది, కానీ చేయి దాటలేదు. బరువులో 10 శాతం తగ్గితే మచ్చ కూడా వెనక్కి తగ్గొచ్చన్నారు.

ఆ మాటే పట్టుకున్నాను. పొద్దున టిఫిన్ మానేసి చోడి అంబలి, రాత్రి కొలిచిన అన్నం, నాగావళి గట్టు మీద నడక. పండగలప్పుడు అరిసెలు చూస్తూ ఊరుకోవడం నిజంగా కష్టం. 78 కిలోల నుంచి 70కి వచ్చాను, షుగర్ అదుపులోకి వచ్చింది. మళ్లీ తీయిస్తే 2.8. డాక్టరు గారు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి రంగులు ఎక్కడ మారాయో చూపించారు. మా వారు అక్కడే కళ్లు తుడుచుకున్నారు.

ఊళ్లో మా అప్పకి కూడా షుగర్ ఉంది. ఈసారి క్రియాటినిన్‌కి రక్తం ఇచ్చేటప్పుడు ఎస్‌జీవోటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు కూడా రాయించుకోమని చెప్పాను. రిపోర్టు రాగానే ఫోన్‌లో పంపిస్తానంది, లెక్క నేనే కట్టి డాక్టరు గారికి చూపిస్తాను.