అందరిదీ అంటే నాది కూడా కదా, తీసెయ్!

సంక్రాంతికి తెనాలి వెళ్ళొచ్చి వారం దాటింది గానీ ఆ అరుపులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. భోగి మంట దగ్గర మొదలైన గొడవ కనుమ నాడు గారెలు, కోడికూర తిని చేతులు కడుక్కునే దాకా సాగింది, అంతా నా వల్లే. అంటే నా వల్ల కూడా కాదు, నాకున్న ఒక పిచ్చి వల్ల.

ఆఫీసు అయ్యాక అందరూ సీరియల్సో రీల్సో చూసుకుంటారు కదా, నేను పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ముందేసుకుని వికీసోర్స్ అని ఎవరైనా ఊరికే చదువుకునే పుస్తకాల సైట్‌లో అచ్చుతప్పులు దిద్దుతుంటా. మెషీన్ చదివిన పేజీలో అరసున్నా ఎగిరిపోతుంది, బండి ఱ ఇంకేదో అయిపోతుంది, ద కి ధ కి తేడా ఉండదు, అవన్నీ ఒక్కోటీ సరిచెయ్యాలి. రోజుకి రెండు పేజీలు అయితే గొప్ప. దీనివల్ల పైసా రాదు, మా ఆవిడ దీన్ని 'జీతం లేని గుమాస్తా ఉద్యోగం' అంటుంది.

ఈ మధ్య చేస్తున్నది త్రిపురనేని రామస్వామి చౌదరి గారి (కవిరాజు అంటారు) సూతపురాణం. తెలియని వాళ్ళకి ఒక్క ముక్క, పురాణాల్ని పురాణం పద్ధతిలోనే పద్యాలతో ఏకి పారేసిన పుస్తకం అది. ఆయన సూతాశ్రమం కట్టుకున్నది మా తెనాలిలోనే, మున్సిపల్ చైర్మన్‌గా చేసిందీ ఇక్కడే, అందుకని మా ఊళ్ళో ఇప్పటికీ ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఒక హేతువాది, ఒక రామభక్తుడు పక్కపక్కనే దొరుకుతారు. మా ఇంట్లో అయితే ఒకే మంచం మీద దొరుకుతారు. పెద్దనాన్న రిటైర్డ్ తెలుగు పండితుడు, రోజూ సుందరకాండ పారాయణ చెయ్యందే కాఫీ కూడా ముట్టడు. మా అక్క మొగుడు, అంటే బావ, పెళ్ళిలో మంగళసూత్రం దగ్గర కూడా వాదన పెట్టుకున్న మనిషి.

బావే నోరు జారాడు, "మీవాడు కవిరాజు పుస్తకం నెట్‌లో పెడుతున్నాడు తెలుసా పెద్దనాన్నా" అని. పెద్దనాన్న మంటలో పిడక వెయ్యబోతున్న వాడు ఆగి, "ఎవర్నడిగి పెడుతున్నావురా?" అన్నాడు.

ఎవర్నీ అడగక్కర్లేదు, అదే కదా విషయం. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన సంవత్సరం అయ్యాక అరవై ఏళ్ళు లెక్కపెట్టాలి, అంతే, ఆ తర్వాత జనవరి 1 నుంచి ఆ రచన పబ్లిక్ డొమైన్. రామస్వామి చౌదరి గారు 1943 జనవరిలో పోయారు, కాబట్టి 2004 జనవరి 1 నుంచి అందరిదీ. ఇది చెప్పేసరికి పెద్దనాన్న, "అయితే అందరిదీ అంటే నాది కూడా కదా?" అన్నాడు. కదా అన్నాను. "మరి నా వాటా నాకు ఇష్టం లేదు, తీసెయ్!"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, ఎందుకంటే నాకు వెంటనే సమాధానం తట్టలేదు. నిజమే కదా, ఉమ్మడి ఆస్తి అమ్మాలంటే అన్నదమ్ములందరూ సంతకం పెట్టాలి, మరి ఉమ్మడి పుస్తకానికి? కాసేపాగి, ఇది ఉమ్మడి పొలం లాంటిది కాదు పెద్దనాన్నా, ఊరి చెరువు లాంటిది, ఎవరి బిందె వాళ్ళు ముంచుకోవచ్చు, పక్కవాడి బిందె పగలగొట్టే హక్కు మాత్రం ఎవడికీ లేదు అని చెప్పాను. "చెరువులో మురుగు కలుపుతుంటే కూడా ఊరుకోవాలా?" అన్నాడు. తెలుగు పండితుడితో ఉపమానాలు పెట్టుకోకూడదు.

అసలు ఆ అరవై ఏళ్ళ సంగతే ఒక కథ. 1957 చట్టంలో ఉన్నది యాభై ఏళ్ళే. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో పోయారు కదా, ఆ లెక్కన 1991 డిసెంబర్ 31తో ఆయన రచనల మీద ఆయన పెట్టిన విశ్వభారతికి ఉన్న హక్కు అయిపోవాలి. అది అయిపోకూడదని చివరి నిమిషంలో ఆర్డినెన్స్ తెచ్చి, తర్వాత 1992లో చట్టం సవరించి పదేళ్ళు పెంచారు. పెంచింది ఒక్క టాగూర్‌కి కాదు, దేశంలో అందరికీ. దాంతో రచయిత మరణాన్ని బట్టి లెక్కేసే పుస్తకాల్లో 1992 నుంచి 2001 దాకా ఏ జనవరి 1కీ కొత్తగా ఒక్కటీ బయటికి రాలేదు, పదేళ్ళు తలుపు మూసేశారు. 1940లో పోయిన గిడుగు రామమూర్తి, పానుగంటి లక్ష్మీనరసింహారావు ఆ తలుపు మూసేలోపే బయటపడ్డారు, 1943లో పోయిన రామస్వామి చౌదరి, 1946లో పోయిన చిలకమర్తి మాత్రం లోపల ఉండిపోయారు. ఇది చెప్తే పెద్దనాన్న మొదటిసారి సంతోషించాడు, టాగూర్ పుణ్యాన సూతపురాణం పదేళ్ళు ఆలస్యం అయిందని. దానికి బావ, ఆ పదేళ్ళూ మాత్రం తెనాలిలో ఎవరు చదవడం మానేశారు, ప్రతి ఇంట్లో కాపీ ఉంది అన్నాడు.

"కేసెయ్యొచ్చా?" ఇది పెద్దనాన్న తర్వాతి ప్రశ్న. ఇక్కడ చాలామందికి కన్‌ఫ్యూజన్ ఉంటుంది, కాపీరైట్ అయిపోతే ఇక ఎవడూ ఏమీ అనలేడని. కాపీరైట్ వేరు, మతభావాలు గాయపరచడం మీద ఉన్న సెక్షన్ వేరు. 1927లో లాహోర్‌లో ఒక పుస్తకం మీద గొడవయ్యాక ఐపీసీలో 295ఏ పెట్టారు, ఇప్పుడు అదే భారతీయ న్యాయ సంహితలో 299. కాకపోతే కావాలని, దురుద్దేశంతో చేశాడని రుజువు కావాలి. ఇంత చెప్పాక బావ మొహం కొంచెం చిన్నబోయింది, పెద్దనాన్న మొహం వెలిగింది, మా పెద్దమ్మ వచ్చి "సొంత కొడుకు లాంటి వాడి మీద కేసేస్తావా ముసలాడా" అని అరిచి వెళ్ళింది. కేసు కొట్టేసినట్టే.

మర్నాడు సంక్రాంతి, అసలు మజా అప్పుడు. పెద్దనాన్నని చల్లబరుద్దామని, నా లిస్టులో నెక్స్ట్ ఉన్నది వావిలికొలను సుబ్బారావు గారి ఆంధ్రవాల్మీకి రామాయణం అని చెప్పాను. ఒంటిమిట్ట గుడి బాగు చెయ్యడానికి టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి చందాలు పోగు చేసిన మహానుభావుడు. ఆయన 1936లో పోయారు, అప్పటి యాభై ఏళ్ళ లెక్కలోనే 1987కల్లా ఆయన పుస్తకాలు అందరివీ అయిపోయాయి. పెద్దనాన్న కళ్ళల్లో నీళ్ళే తక్కువ. కానీ బావ అరిసె పక్కన పెట్టి, "జనం డబ్బుతో నడిచే సర్వర్ల మీద ఈ మూఢనమ్మకాలేంటి బామ్మర్దీ, తీసెయ్!" అన్నాడు.

అదే మాట. తీసెయ్. ముందు రోజు చెరువు మీద నేను పెద్దనాన్నకి చెప్పినదానికి గట్టిగా తలూపింది ఈయనే! ఇద్దరికీ పబ్లిక్ డొమైన్ అంటే ప్రాణం, కాకపోతే అందులో అవతలివాడి పుస్తకం ఉండకూడదు, అంతే చిన్న కండిషన్. ఒంటిమిట్ట అనగానే టాపిక్ రాజకీయాల్లోకి పోయింది, రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణకి వెళ్ళాక మన ప్రభుత్వం కళ్యాణం ఒంటిమిట్టలో చెయ్యడం మొదలుపెట్టింది కదా, దాని మీద ఒక గంట. నాకు నవ్వొచ్చేది ఏంటంటే విభజన చట్టంలో తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు అని సంస్థల్ని పంచుకోవడానికి ఏళ్ళకేళ్ళు కొట్టుకున్నారు గానీ రామదాసు కీర్తనల్లో మా వాటా ఇంత అని ఏ ఫైల్లోనూ ఎవడూ రాయలేదు. తెలంగాణ అంటే గుర్తొచ్చింది, సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, ఆయన రచనలు 2014 జనవరి 1న స్వేచ్ఛ అయ్యాయి, అదే ఏడు జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అయితే ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర మొదట అచ్చయింది 1949లో, అమెరికా చట్టంలో అయితే అచ్చయిన ఏడు నుంచి 95 ఏళ్ళు లెక్క కాబట్టి డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి అది 2045 దాకా ఫ్రీ కాదు. వికీసోర్స్ సర్వర్లు అమెరికాలోనే ఉన్నాయి కనక ఇది నాకూ తలనొప్పే.

బావ దెబ్బకి దెబ్బ అని అంబేద్కర్‌ని తెచ్చాడు. రిడిల్స్ ఇన్ హిందూయిజం తెలుగులో ఉంది కదా, అది కూడా పెట్టు, అంబేద్కర్ 1956లో పోయారు, 2017 నుంచే పబ్లిక్ డొమైన్ అని. లెక్క కరెక్టే గానీ పుస్తకం తప్పు. అది ఆయన బతికుండగా అచ్చవలేదు, మహారాష్ట్ర ప్రభుత్వం 1987లో వేసింది, రాముడు కృష్ణుడి మీద ఉన్న భాగం గురించి బొంబాయిలో ఎంత గొడవ జరిగిందో, దానికి జవాబుగా దళిత సంఘాలు ఎంత పెద్ద ర్యాలీ తీశాయో పెద్దనాన్నకి కూడా గుర్తుంది. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన పుస్తకానికి లెక్క చావు నుంచి కాదు, అచ్చు నుంచి. అంటే 2048. పైగా తెలుగు అనువాదం మీద అనువాదకుడికి విడిగా హక్కు ఉంటుంది. ఇంగ్లీషు సంపుటాలు ప్రభుత్వం వెబ్‌సైట్లోనే పెట్టింది కదా అన్నాడు. చదువుకోడానికి ఊరికే దొరకడం వేరు బావా, అందరిదీ అవ్వడం వేరు, దేవస్థానం వాళ్ళు కూడా బోలెడు పుస్తకాలు ఊరికే డౌన్‌లోడ్‌కి పెట్టారు, అలాగని అవన్నీ మనవి అయిపోతాయా? పెద్దనాన్న మీసం మీద చెయ్యేసి "చట్టం మా వైపుంది" అన్నాడు. చట్టం ఎవరి వైపూ లేదు, అది క్యాలెండర్ మాత్రమే చూస్తుంది, కానీ పండగ పూట ఆయన ఆనందం ఎందుకు చెడగొట్టాలి.

సాయంత్రం ఆ ఆనందాన్ని మా మేనకోడలు చెడగొట్టింది, పాపం దాని తప్పు లేదు. గొంతు బాగుంటుంది, అన్నమయ్య కీర్తన పాడి వీడియో పెట్టింది, రెండు రోజుల్లో ఎవరో కాపీరైట్ క్లెయిమ్ వేశారు. పెద్దనాన్న మండిపడ్డాడు, "1503లో పోయిన అన్నమయ్యకి ఓనరెవడ్రా? వెంకటేశ్వరస్వామి పాటకి ఓనరా?" అని. బావ కూడా మండిపడ్డాడు, కూతురు కదా. పండగంతటికీ వాళ్ళిద్దరూ ఒక మాట మీద ఉన్నది ఇక్కడొక్కచోటే. నేను మళ్ళీ విలన్‌ని. సాహిత్యం అందరిదే, అందులో డౌట్ లేదు, రాగిరేకుల మీద ఉన్న మాటలకి ఓనర్ లేడు. కానీ రేకుల మీద రాగం పేరు ఉందే గానీ స్వరం లేదు, ఇప్పుడు మనం పాడుకునే ట్యూన్లు చాలావరకు ఈ కాలం వాళ్ళు కట్టినవి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, బాలకృష్ణప్రసాద్ గారు. ట్యూన్ కూడా రచనే, దానికీ కట్టినాయన పోయాక అరవై ఏళ్ళు. రికార్డింగ్‌కి మళ్ళీ విడిగా, విడుదల నుంచి అరవై. పిల్ల తన గొంతుతో పాడితే రికార్డింగ్ హక్కు తగలదు, మెషీన్ పొరపాటు పడి ఉండొచ్చు, ట్యూన్ సంగతి మాత్రం చూసుకోవాలి. ఇదంతా విని పిల్ల, "అయితే నేనే వేరే ట్యూన్ కట్టుకుంటా" అని లేచిపోయింది.

కనుమ నాడు బావ ఇంకో ఐడియా వేశాడు, సూతపురాణంలో రెండు పద్యాలు తీసుకుని ఇప్పటి రాజకీయ నాయకుల పేర్లు ఇరికించి వాట్సాప్‌లో వదులుదాం, కింద పేరు మాత్రం కవిరాజుదే ఉంచుదాం, ఎలాగూ అందరిదే కదా అని. వేమనకి ఇప్పటికే ఈ గతి పట్టింది, బ్రౌన్ దొర 1829లో అచ్చేసిన పద్యాల్లో లేనివి కూడా ఎలక్షన్లు రాగానే 'విశ్వదాభిరామ' తోక తగిలించుకుని పుట్టుకొస్తాయి. నేను చెప్దామనుకున్నది కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ గురించి, కాపీరైట్ పోయినా రచనని వికృతం చేసి రచయిత పరువు తీస్తే వారసులు అడగొచ్చు, 2012 సవరణలో గడువు మాట కూడా ఎత్తేశారు. ఆ అవసరం రాలేదు. పెద్దనాన్న విస్తరి ముందు నుంచే గయ్యిమన్నాడు, "కవి పద్యంలో వేలు పెడతావా? అంత సరదాగా ఉంటే నువ్వు రాసుకుని నీ పేరు పెట్టుకో!"

బావ నోరెళ్ళబెట్టాడు. నేనూ. "అంటే మీరు చదివారా పెద్దనాన్నా ఆ పుస్తకం?" అని అడిగా. "పందొమ్మిదో ఏట దొంగతనంగా చదివా, మా నాన్నకి తెలిస్తే చంపేవాడు. చెప్పింది చెత్త. ఛందస్సు మాత్రం ఎక్కడా తప్పలేదురా" అన్నాడు, అని గారె విరుచుకున్నాడు.

బయల్దేరే ముందు బ్యాగ్ సర్దుకుంటుంటే ఇద్దరూ వచ్చి ఎవరి లెక్క వాళ్ళు అడిగారు. పెద్దనాన్నకి విశ్వనాథ కావాలి, అందరిదీ అయ్యేది 2037లో. బావకి చలం కావాలి, 2040. చలం అంటే పెద్దనాన్న మొహం చిట్లించాడు గానీ, ఆ చలం చివరికి అరుణాచలంలో రమణ మహర్షి దగ్గర తేలాడు కనక ఆ రోజు వచ్చేవాటిలో మైదానం ఒక్కటే కాదు, రమణుల మీద రాసినవి కూడా ఉంటాయి, అవి పెద్దనాన్న అలమారలో ఇప్పటికే ఉన్నాయి. ఇంకోటి, రాళ్ళపల్లి వారు పోయింది కూడా 1979లోనే, చలం పోయిన ఏడాదే. అంటే ఆయన కట్టిన అన్నమయ్య ట్యూన్లూ చలమూ ఒకే పొద్దున, 2040 జనవరి 1న.

పెద్దనాన్నకి ఇప్పుడు 76. వేళ్ళ మీద లెక్కేసుకుని "తొంభై" అన్నాడు. బావ ఆయన చెప్పులు వెతికి కాళ్ళ దగ్గర పెడుతూ, "మీరుంటారు లెండి, మీరు లేకపోతే నేనెవరితో కొట్లాడను" అన్నాడు. బస్సెక్కాక సూతపురాణం ఇంకో రెండు పేజీలు దిద్దాను, ఒక పద్యంలో మూడో పాదం యతి కుదరడం లేదు, స్కాన్‌లో అక్షరం చెరిగిపోయినట్టుంది. పెద్దనాన్నకి ఫొటో తీసి పంపాను. అర నిమిషంలో సరైన అక్షరం వచ్చింది, కింద జై శ్రీరామ్ స్టిక్కర్‌తో సహా.