నాటకశాల గడప దాటి వచ్చిన బొమ్మలు

జపాన్ చెక్క అచ్చు చిత్రాల పేరెత్తగానే చాలామంది షరాకును తలుచుకుంటారు. 1794లో, నేడు టోక్యో అని పిలిచే ఎడో నగరంలో అకస్మాత్తుగా వెలుగులోకి వచ్చి, పది నెలలు మాత్రమే పనిచేసి కనుమరుగైన ఆ చిత్రకారుడు గీసిన, జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకి నటుల ముఖాలు నాకూ ఎంతో ఇష్టం. దోపిడీకి సిద్ధమైన సేవకుడి వేషంలో ఉన్న మూడవ ఓతాని ఓనిజి, దవడ బిగించి, మెడ ముందుకు సాచి, అంగీలోంచి రెండు చేతుల వేళ్లనూ విప్పార్చి నిలబడ్డ ఆ ఒక్క బొమ్మలో నాటకంలోని ఉద్రిక్తత అంతా కనిపిస్తుంది. అయినా నాటకాన్నీ సాహిత్యాన్నీ సామాన్యుల ఇళ్లకు చేర్చిన ఘనత పందొమ్మిదో శతాబ్దపు అచ్చు బొమ్మల చిత్రకారుడు కునిసాదాదేనని నేను గట్టిగా నమ్ముతాను.

కబుకిలో మంచి చోటు దొరకాలంటే ఖర్చెక్కువ, పైగా ప్రదర్శన దాదాపు రోజంతా సాగేది. అచ్చు బొమ్మ చవక. చిత్రకారుడు పలుచటి కాగితం మీద గీసినదాన్ని చెక్కడపు పనివాడు చెర్రీ దిమ్మ మీద బోర్లా అతికించి, గీతలు మాత్రమే ఉబ్బెత్తుగా మిగిలేలా తొలిచేవాడు. మన పెడన కలంకారీ అద్దకంలో లాగే ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మ ఉండేది. దిమ్మ అంచున చెక్కిన రెండు గుర్తులకు కాగితాన్ని సరిగ్గా ఆనిస్తేనే రంగులు గీత దాటకుండా పడేవి. పెట్టుబడి ప్రచురణకర్తది కనుక, జనం ఏ నటుణ్ణి, ఏ ఘట్టాన్ని కోరుతున్నారో అతడికి బాగా తెలిసి ఉండాలి. ఎడోకు వచ్చిన పరగణాలవాళ్లు తేలికగా మోసుకుపోగలిగిన ఈ బొమ్మలను తమవాళ్ల కోసం కొనుక్కెళ్లేవారు.

సాహిత్యం విషయంలో మరింత విశేషం జరిగింది. అప్పటికి సుమారు ఎనిమిది వందల ఏళ్ల కిందట రాజాస్థానంలో పుట్టిన గెంజి గాథ అనే నవల పందొమ్మిదో శతాబ్దపు సామాన్య పాఠకుడికి కొరుకుడుపడని భాషలో ఉండేది. ర్యూతేయి తనెహికో అనే రచయిత ఆ కథను కాలం మార్చి, కబుకి మలుపులు జోడించి, 1829 నుంచి భాగాలు భాగాలుగా వెలువరించాడు, బొమ్మలు కునిసాదావి. ప్రతి పుటనూ బొమ్మ నింపేది, తేలికైన కానా లిపిలోని అక్షరాలు మనుషుల భుజాల పక్కనా, తెరల పైనా, ఖాళీ దొరికినచోటల్లా ఇమిడిపోయేవి. బొమ్మనూ అక్షరాన్నీ ఒకే దిమ్మ మీద చెక్కడం వల్లే అది సాధ్యమైంది. కొనలేనివాళ్లకు అద్దె పుస్తకాలవాళ్లు ఉండనే ఉన్నారు. 1808 నాటికే ఎడోలో అటువంటివాళ్లు ఆరు వందలకు పైగా ఉండేవారు. ఆస్థానాల కథ అలా వీధుల్లోకి వచ్చి, తిరిగి కబుకి రంగస్థలమూ ఎక్కింది.

1842లో, విలాసాలను అరికట్టే తెంపో సంస్కరణల పేరిట ప్రభుత్వం నటుల బొమ్మలను నిషేధించింది, తనెహికో గ్రంథాన్నీ ఆపించింది. అదే ఏడాది ఆయన చనిపోయాడు. ఆ ఆంక్షల ఉద్ధృతి తగ్గాక నటుల ముఖాలు మళ్లీ అచ్చులోకి వచ్చాయి. కునిసాదా గెంజి ఘట్టాలను, మూడేసి కాగితాలు పక్కపక్కన పేర్చి చూసే పెద్ద రంగుల చిత్రాలుగా, తర్వాత ఎన్నో ఏళ్లపాటు గీస్తూనే ఉన్నాడు.