నవంబరు నెల సాధారణ సమావేశం

28 నవంబరు 2025, శుక్రవారం

నెలకు ఒక్కసారైనా కౌన్సిల్ సమావేశం జరగాలని 1965 నాటి పురపాలక సంఘాల చట్టం చెబుతుంది. అందుకే నెలాఖరు దగ్గరపడేసరికి నేను గుమాస్తాగా పనిచేసే కౌన్సిల్ సెక్షన్‌లో మిగతా పనులన్నీ మూలకు పడతాయి. ఇంజినీరింగ్, పారిశుద్ధ్యం, టౌన్ ప్లానింగ్, రెవెన్యూ సెక్షన్ల నుంచి నోట్సు రప్పించుకోవాలి. రానివాళ్ల సీట్ల దగ్గరికి మనమే వెళ్లి నిలబడాలి. వచ్చినవాటిని వరుసపెట్టి అంశాలుగా రాసి, కమిషనర్ గారి సంతకం, ఛైర్‌పర్సన్ గారి అంగీకారం తీసుకుని సభ్యులకు పంపాలి. సమావేశానికి మూడు పూర్తి రోజుల ముందే నోటీసు చేరాలి. నోటీసు ఇచ్చిన రోజూ, సమావేశం జరిగే రోజూ ఆ లెక్కలోకి రావు. ఈ రోజు సమావేశం కాబట్టి సోమవారం సాయంత్రానికల్లా అజెండా అన్ని వార్డులకూ అందిపోవాలి, అందింది.

అందిందనడానికి సాక్ష్యం తపాలా పుస్తకం. మా అటెండరు ముప్పైకి పైగా ఇళ్లు తిరిగి పెట్టించుకొచ్చిన సంతకాలు అందులో ఉంటాయి. సమావేశం చెల్లదని ఎవరైనా కోర్టుకెక్కితే మొదట అడిగేది ఆ పుస్తకాన్నే కాబట్టి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాను. మన ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. తపాలా పుస్తకం తిరగేస్తే మాత్రం ఆ సంగతి తెలియదు. చాలా వార్డులకు ఎదురుగా భర్త సంతకమో, కొడుకు సంతకమో ఉంటుంది. తన పేరు తానే, పూర్తి అక్షరాలతో, తేదీ వేసి మరీ రాసే మహిళా సభ్యులు నలుగురైదుగురే. వాళ్లలో ఒకరు కాలువగట్టు వార్డు కౌన్సిలర్ గారు. ఈ రోజు సమావేశంలో చెప్పుకోదగ్గ ఘట్టం ఆవిడ వల్లే జరిగింది.

పదకొండు గంటలకని నోటీసులో ఉన్నా, కోరానికి, అంటే సమావేశం నడవడానికి ఉండాల్సిన కనీస హాజరుకు, కావలసిన మూడో వంతు సభ్యులు హాలులోకి వచ్చేసరికి పదకొండున్నర దాటింది. ఈ మధ్య కాలం చేసిన ఒక మాజీ కౌన్సిలర్‌కు సంతాపం తెలిపి రెండు నిమిషాలు మౌనం పాటించారు. కౌన్సిల్ తానే ఎన్నుకుని చేర్చుకున్న కో-ఆప్షన్ సభ్యులు ముగ్గురూ వచ్చారు. పదవి రీత్యా సభ్యులైన (ఎక్స్ అఫీషియో) ఎమ్మెల్యే గారు రాలేదు, వస్తారని ఎవరూ అనుకోలేదు కూడా. కౌన్సిల్ సమావేశాన్ని పౌరులెవరైనా వచ్చి చూడవచ్చు. వాళ్ల కోసం వెనక గోడ పొడవునా వేసిన కుర్చీల్లో ఇద్దరు కాంట్రాక్టర్ల మనుషులు తప్ప మరెవరూ లేరు. ఇంటి పన్ను పెరిగిందని కౌంటర్ దగ్గర గంటసేపు వాదించే పెద్దమనుషుల్లో ఒక్కరైనా, ఆ పన్ను డబ్బును దేనికి ఖర్చు పెడుతున్నారో తేల్చే ఈ హాలులోకి వచ్చి కూర్చోవడం నా సర్వీసులో నేను చూడలేదు.

మొదటి పది అంశాలు దాదాపు అన్నీ ధ్రువీకరణకు, అంటే ముందే జరిగిపోయిన ఖర్చుకు ఆమోదం కోసం వచ్చినవే. గత నెల 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా ఊరికి తగిలిన దెబ్బ మరీ పెద్దది కాకపోయినా, విరిగిన చెట్లు, పోయిన కరెంటు, మునిగిన పల్లపు వార్డులు మాకూ ఉన్నాయి. అటువంటి వేళ కౌన్సిల్ అనుమతి కోసం ఆగమని ఏ చట్టమూ చెప్పదు. అవసరమైన పనులు చేయించి, తర్వాతి సమావేశంలో కౌన్సిల్ ముందు పెట్టి ఆమోదం పొందాలి. ఊరికి నీళ్లందించే హెడ్ వాటర్ వర్క్స్ దగ్గర మోటార్లు ఆగకుండా అద్దెకు తెచ్చిన జనరేటర్, దాని డీజిల్, చెట్లు తొలగించిన జేసీబీలు, ట్రాక్టర్లు, పునరావాస కేంద్రాల్లో భోజనాలు, బ్లీచింగు, సున్నం, పటిక ఇలా ఒక్కో ఖర్చూ ఒక్కో అంశమై వచ్చింది.

ధ్రువీకరణ అంశాలు సాధారణంగా ఎలా నడుస్తాయో చెప్పాలి. నేను అంశం సంఖ్య చదువుతాను. రెండో వాక్యానికి రాకముందే ఎవరో ఒకరు "ఆమోదం" అంటారు, ఛైర్‌పర్సన్ గారు తల ఊపుతారు, నేను తర్వాతి అంశానికి వెళతాను. ఖర్చయిపోయిన డబ్బు గురించి మాట్లాడి ప్రయోజనమేమిటన్నది చాలామంది అభిప్రాయం. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. చేయబోయే పనికి టెండరు ఉంటుంది, అంచనా ఉంటుంది, పై అధికారుల తనిఖీ ఉంటుంది. జరిగిపోయిన పనికి మాత్రం, బిల్లు చెల్లించే ముందు, ఇదేమిటని అడగగల చోటు ఈ హాలు ఒక్కటే. తర్వాత ఆడిట్ వారు అడిగినా అది ఎప్పటికో గాని తేలదు.

ట్రాక్టర్ల అంశం చదవగానే కాలువగట్టు వార్డు కౌన్సిలర్ గారు లేచి నిలబడ్డారు. అజెండా కాగితంలో ఆ అంశం పక్కన పెన్సిలుతో గీత గీసుకుని వచ్చారు. "అధ్యక్షా, మా వార్డులో స్కూలు దగ్గర పడిన చింతచెట్టును మర్నాడు పొద్దున్నే కరెంటు వాళ్లు, మా వీధి కుర్రాళ్లు కలిసి కోసి తీసేశారు. ట్రాక్టరు రాలేదు. ఇక్కడ మా వార్డుకు రెండు రోజులు ట్రాక్టరు తిరిగిందని ఉంది. లాగ్ పుస్తకం చూపించమనండి" అని అడిగారు. గొంతు పెంచలేదు. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు ఇంజినీరు గారి వైపు చూశారు, ఇంజినీరు గారు కమిషనర్ గారి వైపు చూశారు. "తెప్పించండి" అని కమిషనర్ గారు అన్నాక, పది నిమిషాల పాటు హాలులో టీ కప్పుల చప్పుడే వినిపించింది.

లాగ్ పుస్తకం వచ్చింది. వానకు తడిసి ఆరిన అట్ట ఉబ్బిపోయి, నీలం సిరా అక్కడక్కడ మరకలు కట్టి ఉంది. తుపాను రాత్రి నుంచి మూడు రోజుల వరకు రాసిన పేజీల్లో బండి నెంబరు, బయలుదేరిన వేళ, తిరిగి వచ్చిన వేళ, వార్డు, మేస్త్రీ సంతకం అన్నీ ఉన్నాయి. రాత్రి పూట దీపం వెలుగులో రాసినట్టు ఆ గీతలు పైకీ కిందికీ పోతున్నాయి. ఆ తర్వాతి రెండు పేజీలు మాత్రం ఒకే చేతి రాతతో, ఒకే కలంతో, అన్ని బళ్లూ ఉదయం ఎనిమిదికి బయలుదేరి సాయంత్రం ఆరుకు తిరిగివచ్చినట్టు చక్కగా ఉన్నాయి. కౌన్సిలర్ గారు ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివి, తన వార్డు పేరున్న చోట ఆగి, పుస్తకాన్ని అలాగే ఛైర్‌పర్సన్ గారి ముందు పెట్టారు. ఇంజినీరు గారు లేచి, ఆ రోజుల్లో ఏ బండి ఎటు వెళ్లిందో వాకబు చేస్తామని, వార్డుల పేర్లు తారుమారై ఉండవచ్చని అన్నారు. అయి ఉండవచ్చు కూడా. తుపాను వేళ మూడు రోజులు నిద్రలేని మేస్త్రీ నాలుగో రోజు కూర్చుని జ్ఞాపకంతో రాస్తే ఎవరికైనా అలాగే వస్తుంది. అందులో మోసం ఉందో, అలసట ఉందో నాకు తెలియదు, తేల్చడం నా పని కాదు. మొదటి మూడు రోజుల బిల్లుకు ఆమోదం తెలిపి, మిగతా రెండు రోజుల మొత్తాన్ని విచారణ నివేదిక వచ్చేవరకు ఆపాలని కౌన్సిల్ తీర్మానించింది. అధికార పక్షం వారెవరూ అడ్డు చెప్పలేదు, ప్రతిపక్షం వారు బల్లలు చరచలేదు. ఇలాంటిది అరుదు.

వీధికుక్కల అంశానికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఈ నెల 7వ తేదీన సుప్రీంకోర్టు పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి వీధికుక్కలను తొలగించి, శస్త్రచికిత్స, టీకా తర్వాత షెల్టర్లకు చేర్చాలని, పట్టుకున్న చోటనే మళ్లీ వదలరాదని ఆదేశించింది. మిగతా వీధుల కుక్కలకు మాత్రం ఆగస్టు 22 నాటి ఉత్తర్వే వర్తిస్తుంది. ఆపరేషను చేసి, టీకా వేసి, తెచ్చిన వీధిలోనే విడిచిపెట్టాలి. రేబిస్ ఉన్నవాటిని, మనుషుల మీద పడేవాటిని మాత్రం అలా విడిచిపెట్టకూడదు. అంటే బడి గేటు లోపల పట్టుకున్న కుక్కకు ఒక నియమం, గేటు బయట పట్టుకున్న కుక్కకు మరో నియమం. శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు ఈ తేడాను ఎంత వివరించినా, సభ్యులు ఒకరి తర్వాత ఒకరు లేచి తమ తమ వార్డుల్లోని కుక్కల గురించే చెప్పారు. ఫలానా సందులో ఎన్ని ఉన్నాయో, ఎవరి పిల్లవాడిని కరిచాయో, ఎవరు అన్నం పెట్టి పెంచుతున్నారో అన్నీ వచ్చాయి. షెల్టరు ఏ సర్వే నెంబరులో కట్టాలన్న ప్రశ్న వచ్చేసరికి అందరూ ఒక్కసారిగా మౌనం దాల్చారు. తమ వార్డులో కట్టమని ఎవరంటారు? చివరికి స్థలం కోసం రెవెన్యూ శాఖకు రాయాలని తీర్మానం అయింది. నలభై నిమిషాల చర్చ మినిట్స్‌లో, అంటే సమావేశంలో ఏం జరిగిందో నమోదు చేసే రాతలో, రెండు వాక్యాలకు కుదిరింది.

దాని వెనకే వచ్చిన షాపింగ్ కాంప్లెక్సు అంశానికి అర నిమిషం కూడా పట్టలేదు. మున్సిపల్ దుకాణాల లీజును మూడేళ్లకోసారి అద్దెలో మూడో వంతు పెంచి పునరుద్ధరిస్తారు. 25 ఏళ్లు నిండితే బహిరంగ వేలం వేయాలి. మా కాంప్లెక్సులో కొన్ని దుకాణాలకు ఆ గడువు నిండింది. ప్రభుత్వం నుంచి స్పష్టత వచ్చేవరకు పాతవారినే ప్రస్తుత అద్దెకు కొనసాగించాలని నోట్‌లో ఉంది. రోడ్డుకు అవతలి వైపు ప్రైవేటు దుకాణాల అద్దె ఎంతో ఊళ్లో అందరికీ తెలుసు. పాతవారు ఎవరెవరికి చుట్టాలో కూడా తెలుసు. నేను చదివాను, "ఆమోదం" అన్నారు, అయిపోయింది. పెన్సిలు గీతల కౌన్సిలర్ గారు కూడా తల ఎత్తలేదు. ఈ రోజు అజెండా మొత్తంలో పురపాలక సంఘం ఆదాయానికి ఎక్కువ గండి కొట్టేది ఈ అంశమేనని నేను అనుకుంటున్నాను. కానీ గుమాస్తాకు చదవడం వరకే అధికారం. కాబట్టి ఆ మాట ఇక్కడ రాసుకుంటున్నాను.

అజెండాలో లేని విషయాలు లేవనెత్తే జీరో అవర్‌లో జరిగిన గొడవ రేపటి పేపర్లలో వస్తుంది, వివరంగా రాయడం దండగ. ఒకరు పోడియం దగ్గరికి వెళ్లారు, మరొకరు మైకు లాక్కున్నారు, ప్రతిపక్షం వాకౌట్ చేసి మెట్ల మీద ఫొటోలు దిగింది. విలేకరులు ముగ్గురూ లాగ్ పుస్తకం వేళ క్యాంటీన్‌లో ఉన్నారు, దీనికి మాత్రం సమయానికి వచ్చారు.

మధ్యాహ్నం మూడు నుంచి మినిట్స్ మొదలుపెట్టాను. రాస్తున్నంతసేపూ 2019 జూలైలో అప్పటి పాలకవర్గాల గడువు తీరిపోయిన తర్వాతి రోజులు గుర్తుకొచ్చాయి. నామినేషన్లు పడ్డాక కరోనా వల్ల ఎన్నికలు ఆగి, 2021 మార్చి 10న పోలింగు జరిగేదాకా ఎన్నికైన సభ్యుల బదులు ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారే మాకు కౌన్సిల్. నా పనికి అంత సుఖమైన కాలం మరొకటి లేదు. తపాలా పుస్తకం లేదు, కోరం లేదు, వాకౌట్ లేదు. తీర్మానం టైపు చేసి తీసుకెళితే, వారు మరో సమీక్షలో ఉండి కూడా సంతకం చేసి ఇచ్చేవారు. ఫైళ్లు నిజంగానే త్వరగా కదిలాయి. మంచి అధికారి, పైసా ముట్టని మనిషి. అయినా ఆ ఇరవై నెలల తీర్మానాల పుస్తకంలో, ఒక అంశాన్ని ఆపి ఫలానా పుస్తకం తెమ్మని అడిగిన పేజీ ఒక్కటీ లేదు. కాలువగట్టున ట్రాక్టరు తిరిగిందో లేదో జిల్లా కేంద్రంలో కూర్చున్న ఆయనకు ఎలా తెలుస్తుంది? 2021 మార్చిలో వచ్చిన ఈ పాలకవర్గానికి కూడా వచ్చే మార్చితో అయిదేళ్లు నిండుతాయి. ఆలోగా ఎన్నికలు జరిగితే సరి, లేకపోతే మళ్లీ ఆ సుఖమైన కాలమే.

ట్రాక్టర్ల తీర్మానాన్ని రెండుసార్లు తిరగరాశాను. "చర్చ అనంతరం పాక్షికంగా ఆమోదించడమైనది" అని మొదట రాస్తే ఇంజినీరింగ్ సెక్షన్ వారు సంతోషించారు. తర్వాత అది కొట్టేసి, ఏ సభ్యురాలు అడిగారో, లాగ్ పుస్తకాన్ని సభ ముందుకు తెప్పించి పరిశీలించిన సంగతి, ఆపిన రెండు రోజుల తేదీలు, నివేదిక ఇవ్వవలసిన గడువు అన్నీ వేశాను. డ్రాఫ్టు చూసిన కమిషనర్ గారు ఒక కామా మాత్రం సరిదిద్ది సంతకం చేశారు. ఛైర్‌పర్సన్ గారి సంతకం రేపు తీసుకోవాలి.

అటు శ్రీలంకను దిత్వా తుపాను ముంచెత్తిందని, మన దక్షిణ కోస్తాకు కూడా వానలున్నాయని సాయంత్రం వార్తల్లో చెప్పారు. ఇంటికి బయలుదేరబోతుంటే స్టోర్సు గుమాస్తా వచ్చి, కొత్త లాగ్ పుస్తకాలకు ఇండెంటు పెట్టమని ఇంజినీరు గారు చెప్పారని, పేజీలకు ముందే నెంబర్లు వేయించి కౌన్సిల్ సెక్షన్ ముద్ర కొట్టించమన్నారని అన్నాడు. సోమవారం చూద్దామని చెప్పాను.