పటంలో చోటు లేని ఇంటిపేరు

"ఆ పటంలో నా పేరుకు చోటు లేదమ్మా, అందుకే అంటించలేదు. ఇకనుంచి నాకు ఇంటిపేరు వద్దు." పన్నెండేళ్ళ మా అమ్మాయి బూట్లు విప్పుకుంటూ, నా వైపు చూడకుండా అన్న మాట ఇది.

తరగతి గోడకు ఐర్లండ్ పటం తగిలించి, పిల్లలందరినీ తమ ఇంటిపేరు ఒక చీటీ మీద రాసి, ఆ పేరు పుట్టిన కౌంటీలో అంటించమన్నారట. గాలహర్లు డొనెగాల్‌లోను, ఓ సల్లివన్లు కార్క్, కెర్రీలలోను చేరారు. ఓడౌడ్‌లకు మేముండే స్లైగోలోనే చోటు దొరికింది. మా అమ్మాయి చీటీకి పటం అంచు దాటి గోడమీద కావలసినంత చోటు ఉందని టీచరుగారు దయగానే చెప్పారు. అయినా ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని, ఫోర్బ్స్ అనే ఇంటిపేరు గల స్నేహితురాలి పక్కన కూర్చుని, ఆమె పేరు పుట్టుక వెతకడంలో మధ్యాహ్నమంతా గడిపింది.

ఆ సాయంత్రం నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది. పెరుగన్నం కంచం ముందు ఆ పిల్లను కూర్చోబెట్టి ఇంటిపేరు గొప్పతనం గురించి చాలాసేపు చెప్పాను. మా ఇంటిపేరైన తాళ్ళూరి అనేది తాటిచెట్ల ఊరి పేరని మా మామగారు చెప్పేవారని, ఎన్ని తరాలవాళ్ళు మోసిన పేరో తెలుసుకోమని, తాతగారు వింటే ఎంత నొచ్చుకుంటారో ఆలోచించమని అన్నాను. అంతా విని, "తాళ్ళూరు ఎక్కడుంది?" అని మాత్రం అడిగింది. ప్రకాశం జిల్లాలో అన్నాను. "ఆ పేరుగల ఊళ్ళు మన వైపు ఒకటి కాదు కదా, మనవాళ్ళు ఏ తాళ్ళూరు నుంచి వచ్చారో నాన్నగారికే తెలియదు" అన్నారు మావారు పక్కగదిలోంచి. నాకు మాట రాలేదు.

అమ్మాయి పడుకున్న తర్వాత, ఆమె సంచిలో ఉన్న కాగితాలు తీసి చదివాను. తన పేరు గురించి ఒక్క ముక్క తెలియని నా కూతురు, స్నేహితురాలి పేరు గురించి నాలుగు పేజీలు రాసుకుంది. ఆ నాలుగు పేజీలే నన్ను ఆ తర్వాత రెండు నెలలపాటు గ్రంథాలయం చుట్టూ తిప్పాయి.

ఐర్లండ్‌లో ఫోర్బ్స్ అనే పేరు కింద రెండు వేరువేరు వంశాలవారు ఉన్నారు. ఒకరు స్కాట్లండ్‌లోని అబెర్డీన్‌షైర్ ప్రాంతం నుంచి వచ్చినవారు. లాంగ్‌ఫర్డ్ కౌంటీలో న్యూటౌన్‌ఫోర్బ్స్ అనే ఊరు, ఫోర్బ్స్ కోట వారి పేరున వెలసినవే. రెండోవారు ఐర్లండ్ పడమటనున్న కొనాక్ట్ ప్రాంతపు గేలిక్ కుటుంబం, అంటే ఐరిష్ భాష మాట్లాడే స్థానికులు. వారి అసలు పేరు మక్ ఇర్విషీ. దీన్ని రాసేటప్పుడు 'మక్' తర్వాత ఒక ఎఫ్, దాని పక్కన ఒక హెచ్ ఉంటాయి, పలికేటప్పుడు ఆ రెండూ మౌనంగా ఉండిపోతాయి. ఇంగ్లీషు రాతలో ఆ పేరు మొదట మక్‌ఫర్బిస్ అయింది. పదిహేడో శతాబ్దం నుంచి గేలిక్ పేర్ల ముందున్న 'మక్' (కొడుకు), 'ఓ' (మనవడు) రాలిపోతూ వచ్చిన కాలంలో, ధ్వనికి దగ్గరగా ఉన్న స్కాట్లండ్ పేరు ఒకటి సిద్ధంగా దొరికింది. అలా వీళ్ళూ ఫోర్బ్స్‌లయ్యారు. ఆ స్నేహితురాలు మొదట చీటీని లాంగ్‌ఫర్డ్‌లో అంటించి, ఇంట్లో తాతగారిని అడిగి వచ్చి, మర్నాడు పీకి స్లైగో పడమటి తీరంలో అంటించిందట.

ఏ ఫోర్బ్స్ ఏ వంశమో తేల్చుకోవాలంటే పేరు ఒక్కటే చాలదు, పూర్వీకులు ఏ కౌంటీలో, ఏ పల్లెలో ఉండేవారో తెలియాలి. అందుకు పందొమ్మిదో శతాబ్దం నడుమ జరిగిన గ్రిఫిత్ భూమి మదింపు పట్టీలు, 1901, 1911 జనగణన పత్రాలు ఆధారం. 1821 నుంచి 1851 వరకటి జనగణన పత్రాలు చాలావరకు 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనంతోపాటు కాలిపోయాయి. పేరు అరుదైనదైతే, ఆ మంటల్లో పోయిన ఒక్కొక్క కాగితం ఒక్కొక్క ఇంటిని మాపేసినట్లే. మనకు అలాంటి అగ్నిప్రమాదం ఏదీ జరగకుండానే మూడు తరాల వెనకటి పేర్లు ఎలా పోయాయని చదువుతున్నంతసేపూ అనుకున్నాను. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఎవరమూ అడిగి రాసుకోలేదు.

మక్ ఇర్విషీలు రాసుకున్న కుటుంబం. రాయడమే వారి వృత్తి. మేయో ఉత్తర భాగం నుంచి వచ్చి స్లైగో తీరాన లెకాన్ అనే చోట స్థిరపడి, ఆ ప్రాంతపు ప్రభువులైన ఓ డూదాలకు, అంటే నేటి ఓడౌడ్‌లకు, వంశపారంపర్యంగా చరిత్రకారులుగా, కవులుగా ఉన్నారు. కొత్త ఓ డూదా పట్టానికి వచ్చే తంతులో కూడా ఈ కుటుంబపు కవికి ఒక స్థానం ఉండేది. 1397కు, 1418కు మధ్య గిల్లా ఈసా మోర్ మక్ ఇర్విషీ ఆధ్వర్యంలో తయారైన లెకాన్ మహాగ్రంథం ఇప్పటికీ డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీలో ఉంది. వారిదే అయిన లెకాన్ పసుపు గ్రంథం ట్రినిటీ కళాశాలలో ఉంది. ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు తెలిసిన సంగతే. ఇక్కడ ఒక ఇంటివాళ్ళ రాత వల్ల ఒక చిన్న ఊరి పేరు దేశమంతటికీ తెలిసింది.

ఆ ఇంటిలో అందరికంటే ప్రసిద్ధుడు దూవల్తఖ్ మక్ ఇర్విషీ. ఆయన 1649, 1650 సంవత్సరాల్లో గాల్వే నగరంలో కూర్చుని ఐర్లండ్ వంశావళులన్నింటినీ ఒక పెద్ద గ్రంథంగా కూర్చాడు. ఆ రెండేళ్ళలోనే నగరంలో ప్లేగు వ్యాపించింది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన క్రామ్‌వెల్ సైన్యం దేశాన్ని ఆక్రమించుకుంటూ వస్తున్నది, 1652లో గాల్వే లొంగిపోయింది. ఎవరి పేర్లను రాస్తున్నాడో ఆ కుటుంబాలు కళ్ళముందే భూములు పోగొట్టుకుంటున్నాయి. అయినా రాశాడు. గ్రంథం ఆరంభంలో, గేలిక్ పండితుల సంప్రదాయం ప్రకారం, నాలుగు సంగతులు చెప్పాడు: రాసిన చోటు, కాలం, రాసిన వ్యక్తి, రాయడానికి కారణం. ఆ తర్వాత డబ్లిన్‌లో సర్ జేమ్స్ వేర్ అనే పండితుని దగ్గర పాత గ్రంథాలను అనువదించి, వేర్ 1666లో మరణించాక స్వస్థలానికి తిరిగివచ్చాడు. 1671లో స్లైగో కౌంటీలోనే, డూన్‌ఫ్లిన్ అనే చోట హత్యకు గురయ్యాడు. పరంపరగా గొప్ప పుస్తకాలు రాసిన ఆ ఇంటి పండితులలో ఆయనే ఆఖరువాడు. ఎవరెవరి ఇంటిపేర్లకో మూలాలు భద్రం చేసిన ఇంటి పేరు ఆ తర్వాత వేరే దేశపు వంశం పేరులో కలిసిపోయింది.

ఆ పేరుకు అర్థం కూడా అమ్మాయే చెప్పింది. ఫిర్విషీ అన్న పురుషుని పేరు నుంచి ఇది పుట్టింది. అందులోని బిషఖ్ అంటే వృద్ధి, సమృద్ధి. నేటి ఐరిష్‌లో జబ్బుపడినవాడు కోలుకుంటున్నాడని చెప్పడానికీ అదే మాట వాడతారు, ఒక రోజు ఎక్కువ వచ్చే లీపు సంవత్సరాన్నీ అదే మాటతో 'వృద్ధి ఏడు' అంటారు. మనకు అధికమాసం ఉన్నట్లేనా అని అడిగింది. అధికమాసం అంటే ఏమిటో ఆ పిల్లకు నేను ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. కానీ చెప్పే ఉంటాను. పిల్లలకు ఏ మాట అంటుతుందో, ఏది జారిపోతుందో మనకు తెలియదు.

స్నేహితులు అడిగితే ఇంతకు ముందు నేను గట్టిగా సలహా ఇచ్చేదాన్ని: పిల్లల చేత ఇంటిపేరు పూర్తిగా పలికించండి, ఎదుటివారు తప్పు పలికితే సరిదిద్దమనండి, పేరు కుదించుకోనివ్వకండి అని. ఇప్పుడు ఆ మాట చెప్పే అర్హత నాకుందా అని సందేహం. రెస్టారెంటుకు ఫోను చేసి బల్ల కావాలన్నప్పుడు నేను తాళ్ళూరి అని చెప్పను. అక్షరం అక్షరం విడదీసి చెప్పే ఓపిక లేక, నాది కాని ఒక చిన్న ఇంగ్లీషు పేరు చెబుతాను. అది వింటూ వెనక సీట్లో కూర్చునే పెరిగింది నా కూతురు. ఇంగ్లీషులో రాసిన తాళ్ళూరిలో మన ళకారం ఎలాగూ ఉండదు, తాకారం సగం పోతుంది. ఐరిష్‌వాళ్ళు పలకని అక్షరాన్ని కూడా రాతలో దాచుకున్నారు, మనం పలికే అక్షరాన్నే రాతలో వదులుకున్నాం. ఆ వదులుకోవడంలో మా అమ్మాయి ప్రమేయం ఏమీ లేదు. ఆమె పుట్టకముందే, పాస్‌పోర్టు దరఖాస్తులో సంతకం చేసిన రోజునే మేము చేసిన పని అది.

మరొకటి కూడా ఒప్పుకోవాలి. నేను అంత పట్టుదలగా నిలబెట్టదలచిన తాళ్ళూరి, పుట్టుకతో నాది కాదు. గేలిక్ పద్ధతిలో ఇంటిపేరు స్త్రీకి మారుతుంది: కొడుకు మక్ ఇర్విషీ అయితే కూతురు నిక్ ఇర్విషీ, కోడలు బాన్ విక్ ఇర్విషీ. పుట్టి పొందిన పేరో మెట్టి పొందిన పేరో ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతుంది. ఇది అమ్మాయికి ఎంతో నచ్చింది. "మరి నువ్వు పుట్టినప్పుడు నీ ఇంటిపేరేమిటి?" అని అడిగింది. పన్నెండేళ్ళు వచ్చినా ఆ ప్రశ్నకు సమాధానం తెలియకుండా పెంచానని అప్పుడు గుర్తించాను. కొల్లిపర అని చెప్పాను. గుంటూరు జిల్లాలో, తెనాలి దగ్గర, ఆ పేరుతో ఊరు ఇప్పటికీ ఉంది. మా నాన్నగారు బడిలో ఆ పేరును 'కె' అనే ఒక్క అక్షరంగా రాయించారు, పదవ తరగతి ధ్రువపత్రంలో నేను ఆ ఒక్క అక్షరంగానే ఉన్నాను. పెళ్ళయ్యాక ఆ అక్షరం కూడా పోయింది. నేను బాధపడలేదు. బాధపడకపోవడమే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

1465లో ఇంగ్లండ్ రాజు పేరున ఇక్కడ ఒక చట్టం వచ్చింది. డబ్లిన్, మీథ్, లౌత్, కిల్డేర్‌లలో ఆంగ్లేయుల మధ్య ఉంటున్న ఐరిష్‌వారు ఏదో ఒక ఊరి పేరో, రంగు పేరో, పని పేరో ఇంగ్లీషులో ఇంటిపేరుగా పెట్టుకోవాలని ఆ చట్టం శాసించింది. నన్ను ఎవరూ శాసించలేదు. ఏ అధికారీ నా పేరు మార్చుకోమని అడగలేదు. వీలుగా ఉంటుందని నేనే మార్చుకున్నాను, ఇప్పుడు వీలుగా ఉంటుందని నా కూతురు వదులుకుంటానంటే తప్పుపట్టాను.

పోయిన నెల ఒక ఆదివారం ఇద్దరు ఆడపిల్లలనూ కారులో ఎక్కించుకుని లెకాన్ వెళ్ళాం. ఎన్నిస్క్రోన్ దాపున, సముద్రానికి ఎదురుగా, మక్ ఇర్విషీల కోటలో మిగిలినది కొద్దిగా రాళ్ళ గోడ, చుట్టూ పచ్చిక. చూడడానికి ఏమీ లేదని పిల్లలు నిరాశపడతారేమో అనుకున్నాను. ఆ స్నేహితురాలు గోడ మీద అరచెయ్యి ఆనించి కొంతసేపు నిలబడింది. మా అమ్మాయి దూరంగా నిలబడి చూసింది. తన చెయ్యి పెట్టడానికి ఇలాంటి రాయి ఒకటి నేను చూపించగలనా అన్న ఆలోచన నన్ను దారి పొడవునా వదలలేదు. ఏ తాళ్ళూరు తీసుకువెళ్ళను? వెళ్ళినా ఎవరి గడప చూపించను? కొల్లిపరలో మా తాతగారి ఇల్లు అమ్మేసి ముప్పై ఏళ్ళు దాటింది.

ఇంటికి వచ్చాక, వంటింటి బల్ల దగ్గర, రెండు చీటీలు తీసింది. ఒకటి మడత ముడతలు పడిన పాతది, ఒకటి కొత్తది. కొత్తదాని మీద కొల్లిపర అని తెలుగులో రాయమని నన్ను అడిగింది. రాశాను. దాని కింద తాను చూసి చూసి, 'ల'కు వత్తు తప్పిపోకుండా మళ్ళీ రాసింది. ఈ రెండూ పటంలో అంటిస్తావా అని అడిగితే ఇంకా అనుకోలేదంది. నేను ఒత్తిడి చేయలేదు. చేయకుండా ఉండటానికి చాలా ప్రయత్నపడ్డాను. తర్వాత నోటుపుస్తకం తెరిచి, దూవల్తఖ్ రాసిన వరసలోనే నాలుగు గీతలు గీసుకుంది. చోటు: స్లైగో, మా వంటిల్లు. కాలం: ఆదివారం సాయంత్రం, వాన. వ్యక్తి అన్నచోట తన పేరు, దాని ముందు తాళ్ళూరి. దానికి ముందు కొల్లిపర కూడా పెట్టవచ్చా అని అడిగింది, పెట్టవచ్చో లేదో నాకే తెలియక ఊరుకున్నాను. కారణం అన్నచోట పెన్సిలుతో ఏదో రాసింది. నేను వంగి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టుకుంది.